పద్దెనిమిది నిండితే ఇల్లెక్కడ?

వార్డులో ఎవరిని చేర్చుకోవాలన్నా మేం ముందు అడిగేది ‘నీతో ఎవరొచ్చారు?’ అనే. కె.కోటపాడు నుంచి వచ్చిన పంతొమ్మిదేళ్ల కుర్రాణ్నీ అలాగే అడిగాను. ‘ఎవరూ లేరు మేడమ్, నేనే వచ్చాను’ అన్నాడు. నెల రోజులుగా దగ్గు, సాయంత్రమైతే జ్వరం. బరువు 42 కిలోలు. కళ్లె పరీక్షలో క్షయ అని తేలింది. ఆరు నెలలు మందులు వాడాలని, గుడ్లు, పప్పు, పాలు బాగా తీసుకోవాలని చెప్పి పంపేశాను. రెండో నెల మందులకు రాలేదు. ఆశా కార్యకర్త వెతుక్కుంటూ వెళ్తే గది ఖాళీ చేసి వెళ్లిపోయాడన్నారు.

మళ్లీ వచ్చేసరికి దగ్గితే రక్తం పడుతోంది. అప్పుడు గానీ కూర్చోబెట్టి మాట్లాడలేదు నేను. చిన్నప్పుడే అమ్మానాన్నలు పోయారు. బాలల సంరక్షణ గృహంలో పెరిగాడు. పద్దెనిమిది నిండాక ఒక పెట్టె, పదో తరగతి సర్టిఫికెట్ పట్టుకుని బయటికొచ్చాడు. రోజుకూలీ పని, ఏడుగురితో ఒకే గది. దగ్గు చూసి భయపడి మిగతావాళ్లు పొమ్మన్నారు. ఆ హడావుడిలో మందుల కవరు అక్కడే ఉండిపోయింది. రిజిస్టర్లో అతని పేరు పక్కన ‘మందులు మానేశాడు’ అని రాసింది నేనే.

మా అబ్బాయికీ పంతొమ్మిదే. విశాఖలో చదువుకుంటున్నాడు. జలుబు చేస్తే రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి ఏ మాత్ర వేసుకోవాలని అడుగుతాడు. పండక్కి మాసిన బట్టల మూటతో దిగుతాడు. వాణ్ని ‘పద్దెనిమిది నిండాయిగా, నీ బతుకు నువ్వు చూసుకో’ అని ఎవరూ అనరు. అనకూడదు కూడా. ముందూ వెనకా ఆలోచించడానికీ, తొందరపాటును ఆపుకోవడానికీ పనికొచ్చే మెదడు ముందు భాగం ఇరవై అయిదేళ్ల దాకా ఎదుగుతూనే ఉంటుంది. మగపిల్లాడి పెళ్లికి ఇరవై ఒకటి నిండాలంటుంది మన చట్టం. ఏ అండా లేకుండా ఒంటరిగా బతకడానికి మాత్రం పద్దెనిమిది చాలనుకుంటున్నాం.

నిజానికి దారి లేకపోలేదు. 2015 నాటి బాలల న్యాయ చట్టంలోని 46వ సెక్షన్, సంరక్షణ గృహం నుంచి బయటికొచ్చే పిల్లలకు ఆర్థిక సాయం ‘అందించవచ్చు’ అంటుంది. 2016 నమూనా నియమాలు ఇంకో అడుగు ముందుకేసి, 18 నుంచి 21 ఏళ్లవాళ్లు కొందరు కలిసి ఉండేందుకు తాత్కాలిక వసతి, శిక్షణ కాలంలో స్టైపెండ్, తరచూ పలకరించే కౌన్సెలర్ గురించి చెప్పాయి. మిషన్ వాత్సల్య కింద నెలకు రూ.4,000 ఇచ్చే వీలుంది. నా పేచీ ఆ ‘వచ్చు’తోనే. ఇవ్వవచ్చు అన్నచోట ఇవ్వకపోయినా అడిగేవారుండరు. పైగా డబ్బు చేతికొచ్చినా, ఒంటరి కుర్రాడికి అడ్వాన్సు లేకుండా, పూచీ ఇచ్చే పెద్దమనిషి లేకుండా గది ఎవరిస్తారు? ఇంగ్లండులో 2000లోనే ఇలాంటి పిల్లల కోసం ప్రత్యేక చట్టం చేశారు. ఒక్కొక్కరికీ ఒక సలహాదారు ఉంటారు. 2017 చట్టంతో ఆ తోడు 25 ఏళ్ల దాకా పొడిగించారు.

‘హాస్టల్లో వేస్తే సరిపోతుంది కదా’ అంటారు కొందరు. సరిపోదు. గంట కొడితే లేచి, గంట కొడితే తిని పెరిగిన పిల్లలు వాళ్లు. బియ్యం ధర తెలియదు, బ్యాంకులో ఫారం నింపడం తెలియదు. ఒంట్లో బాగోకపోతే ఎప్పుడు పడుకోవాలో, ఎప్పుడు ఆసుపత్రికి పరుగెత్తాలో తెలియదు. వాళ్లకు కావాల్సింది మామూలు వీధిలో ఒక మామూలు అద్దె ఇల్లు. నలుగురైదుగురు కలిసి ఉండి వంతులవారీగా వండుకోవాలి. సంపాదనలో కొంత అద్దెకిచ్చి, కొంత దాచుకోవాలి. పక్క పోర్షన్లో ఒక పెద్ద దిక్కు ఉండాలి. అజమాయిషీకి కాదు, రాత్రి జ్వరమొస్తే తలుపు కొట్టడానికి. ఇలాంటి ఇళ్లు పట్నాల్లోనే కాదు, కె.కోటపాడు, చోడవరం లాంటి చోట్లా ఉండాలి. అక్కడ అద్దె తక్కువ, పైగా వీధిలో మొహం తెలిసినవాళ్లుంటారు.

సోమరిపోతులవుతారన్న మాటా విన్నాను. కన్నబిడ్డల కోచింగుకి లక్షలు పోసి, పాతికేళ్లొచ్చినా ఇంట్లో కూర్చోబెట్టి అన్నం పెట్టే మనం అనాల్సిన మాటేనా అది?

డాక్టరుగా నా లెక్క ఇంకా సూటిది. క్షయ మందులు మధ్యలో ఆగితే క్రిములు మందులకు లొంగకుండా పోయే ప్రమాదం ఉంది. అప్పుడు చికిత్స మరింత కష్టం, ఖర్చు ప్రభుత్వానిదే. రోగికి పోషణ కోసం నెలకు వెయ్యి రూపాయలు ఖాతాలో పడతాయి. వండుకోవడానికి పొయ్యే లేనివాడు ఆ వెయ్యితో గుడ్లు కొని ఏం చేస్తాడు?

ఆ కుర్రాడి అదృష్టం, మొండి క్షయ కాదని పరీక్షలో తేలింది. కొన్ని వారాలు సరిగ్గా మందులు పడ్డాక కళ్లెలో క్రిములు లేవు. ఆ రిపోర్టు పట్టుకుని మా ఆశా కార్యకర్త తనకు తెలిసిన ఒక ముసలమ్మను ఒప్పించి, కె.కోటపాడులో వెనకవైపు గది ఇప్పించింది. ఈ సాయం ఏ పథకంలోనిదీ కాదు. పొద్దున్నే ‘మాత్ర ఏసుకున్నావేటి నాయనా?’ అని ఆమె అడుగుతుందట. ఇప్పుడు అయిదో నెల, బరువు 49 కిలోలు. మొన్న వచ్చినప్పుడు మందుల గురించి ఏమీ అడగలేదు. గ్లాసు బియ్యానికి ఎన్ని నీళ్లు పోయాలని అడిగాడు.