‘కొత్త ఫోన్ కొనుక్కో’ అనేవాళ్లకు

పత్తి ఏరడం మొదలైన నాటి నుంచి రైతుకు ఏ ఆఫీసుకు వెళ్లినా ఒకటే జవాబు. “నీ ఫోన్‌లో నెట్ రాకపోతే మేమేం చేస్తాం?” కాస్త దయగల అధికారి అయితే “కొత్తది కొనుక్కో పెద్దాయనా” అని ఉచిత సలహా కూడా ఇస్తాడు. పంట పండించడం రైతు పని, కొనడం ప్రభుత్వ పని అనుకుంటూ వచ్చాం. మధ్యలో సిగ్నల్ పట్టుకునే పని కూడా రైతుదేనని ఎవరు తేల్చారు?

2025-26 సీజన్‌కు పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాకు 8,110 రూపాయలు. ఆ ధరకు సీసీఐకి అమ్మాలంటే కపాస్ కిసాన్ యాప్‌లో నమోదు కావాలి, స్లాట్ దొరకాలి. స్లాట్ దొరికినా తేమ 12 శాతం దాటితే కొనరు. ఏరిన కూలీలకు ఆ వారమే డబ్బు ఇవ్వాలి. ఇంట్లో ఉన్నదే రెండు గదులు, ఒక గది నిండా పత్తి. ఫోన్ తెరుచుకునే దాకా ఎన్ని రోజులు ఆగుతాడు? నాలుగో రోజు సరుకు దళారి కాంటా ఎక్కుతుంది. ‘నెట్ రాలేదు’ అనే చిన్న మాటకు రైతు చెల్లించే ధర అది.

మా కాకది పెన్‌గంగ ఒడ్డున అయిదెకరాల చేను. చేతిలో పదేళ్ల కిందటి ఫోన్, కొడుకు వాడి వదిలేసింది. రెండు రోజులు మంచె ఎక్కి, మేడ ఎక్కి, తిరిగి తిరిగి చివరకు నా దగ్గరికి వచ్చాడు. ఆ సాయంత్రం ఆ ఫోన్‌తో మూడు గంటలు కుస్తీ పట్టాను. అందులో తేలినవి మన సభ్యులకూ పనికొస్తాయి కాబట్టి చెబుతున్నాను.

మొదట చూడాల్సింది తేదీ. పాత ఫోన్లలో బ్యాటరీ తీసి పెడితే తేదీ ఎప్పటిదో పాత సంవత్సరానికి వెళ్లిపోతుంది. తేదీ తప్పుంటే చాలా యాప్‌లు ‘కనెక్షన్ లేదు’ అంటాయి, నిజానికి నెట్ ఉన్నా సరే. కాక ఫోన్‌లో తేదీ తప్పే ఉంది, సరిచేశాను. తర్వాత పైన సిగ్నల్ గీతల పక్కన చిన్న ‘ఆర్’ గుర్తు కనబడింది. అది రోమింగ్ గుర్తు. నది అవతల మహారాష్ట్ర, మన ఫోన్ అవతలి టవర్‌ను పట్టుకుంటుంది. మాట్లాడటానికి ఇబ్బంది ఉండదు గానీ సెట్టింగ్స్‌లో ‘డేటా రోమింగ్’ ఆపి ఉంటే నెట్ మాత్రం రాదు. సరిహద్దు మండలాల వాళ్లు ఇది తప్పక చూసుకోండి. కాక నిరుడు కంపెనీ మార్చాడు, నంబరు అదే. ఫోన్ లోపల ‘ఏపీఎన్’ అనే చోట పాత కంపెనీ పేరే ఉండిపోయింది. నెట్‌కు దారి చూపేది ఆ పేరే. జియో అయితే జియోనెట్, బీఎస్ఎన్ఎల్ అయితే బీఎస్ఎన్ఎల్‌నెట్ అని ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో ఉండాలి, మిగతా కంపెనీల వాళ్లు కస్టమర్ కేర్‌ను అడగాలి. అదీ మార్చాను. ఆఖరున సిమ్. ఆ కాలపు రెండు సిమ్‌ల ఫోన్లలో చాలావాటికి రెండో గూడు 2జీ మాత్రమే. నెట్ వాడే సిమ్ మొదటి గూట్లో ఉండాలి. అదీ మార్చి పెట్టాను.

ఇన్ని చేశాక పైన ‘ఈ’ అనే అక్షరం వచ్చింది, అక్కడే ఆగిపోయింది.

‘ఈ’ అంటే ఎడ్జ్, 2జీ నెట్. ఒక్క ఎంబీ దిగడానికి నిమిషం, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే పడుతుంది. మధ్యలో ఎవరైనా ఫోన్ చేస్తే అదీ ఆగిపోతుంది. కాక కొన్నప్పుడు ఇది 3జీ ఫోన్. ప్రైవేటు కంపెనీలు 2019 నుంచి ఒకటొకటిగా 3జీని మూసేసి ఆ తరంగాలను 4జీకి వాడుకున్నాయి. 2016లో వచ్చిన జియో మొదటి రోజు నుంచీ 4జీయే. 4జీ పట్టుకోలేని ఫోన్ నిన్నటి దాకా బాగానే పనిచేసి, ఒక రోజు వెనక్కి 2జీకి జారిపోయింది. ఫోన్ చెడిపోలేదు, దాని కిందున్న నేలను తీసేశారు. మూసేటప్పుడు కాకను ఎవరూ అడగలేదు. పైగా ఇప్పుడు తప్పు ఆయనదే!

“రైతుకు టెక్నాలజీ నేర్పాలి” అని మన సంఘం సమావేశాల్లో కూడా కొందరు అంటున్నారు. నేర్పండి, కాదనను. పైన నేను చేసిందీ అదే. కానీ నేర్చుకున్న పని అంతా చేశాక కూడా టవర్ లేని చోట టవర్ మొలవదు, పాత ఆండ్రాయిడ్ మీద కొత్త యాప్ ఎక్కదు. ఊరూరా సిగ్నల్ అందించడానికే కదా 2002లో సార్వత్రిక సేవల నిధి పెట్టింది? కంపెనీల సవరించిన స్థూల ఆదాయంలో 5 శాతం దానికి పోతుంది. 2023 టెలికాం చట్టంతో దాని పేరు ‘డిజిటల్ భారత్ నిధి’ అయింది. పేరు ఏదైనా ఆ ఆదాయం మన రీచార్జ్‌ల నుంచి వచ్చిందే. 2024 జూలైలో మూడు ప్రైవేటు కంపెనీలూ రేట్లు పెంచితే ఆ పెంపూ మనమే కట్టాం. సిగ్నల్ కోసం కట్టినవాడికి సిగ్నల్ లేదు, సిగ్నల్ లేనందుకు మద్దతు ధర కూడా లేదు. ఇదెక్కడి న్యాయం?

యాప్‌కు మేం అడ్డం కాదు. జిన్నింగ్ మిల్లు గేటు ముందు బండ్ల మీద రాత్రుళ్లు పడుకున్నవాళ్లం, స్లాట్ ఉంటే ఆ తిప్పలు తగ్గుతాయని మాకూ తెలుసు. యాప్ ఒక దారిగా ఉంటే మంచిదే. అదే ఏకైక దారి అయితే, ఫోన్ లేని రైతు నెట్ సెంటర్ కుర్రాడి చేతిలో ఆధార్, ఓటీపీ పెట్టి నిలబడతాడు. కాక స్లాట్ చివరకు నా ఫోన్ నుంచే పెట్టాం, మెసేజ్ నాకే వచ్చింది. ఆ రోజు నేను ఊళ్లో లేకపోతే? నా స్థానంలో దళారి ఉంటే? రైతు పంట తాళం చెవి పరాయివాడి జేబులో పడింది, దీన్ని పారదర్శకత అంటున్నారు.

మనం అడుగుతున్నది పెద్ద కోరిక కాదు. ప్రతి మార్కెట్ యార్డులో ఒక కౌంటర్, పట్టా పాస్‌బుక్, ఆధార్ చూసి అక్కడి ఉద్యోగే స్లాట్ పెట్టి చేతికి కాగితం టోకెన్ ఇవ్వాలి. నెట్ పోతే రిజిస్టర్‌లో రాసుకుని, వచ్చాక ఎక్కించుకోవాలి. కౌలు రైతుదీ అక్కడే తేల్చాలి. ప్రభుత్వ ఉద్యోగి ట్యాబ్‌కు నెట్ రాకపోతే రైతు తిరిగి వెళ్లాల్సిన పనిలేదు, అది వాళ్లు చూసుకోవాలి.

ఈలోగా చేయాల్సింది ఒకటి ఉంది. నెట్ రాని ప్రతిసారీ 198కి ఫోన్ చేయండి, ఫిర్యాదు నంబరు అడిగి తీసుకోండి. పరిష్కారం కాకపోతే కంపెనీ అప్పీలు అధికారికి రాయవచ్చు, ఆ కాగితం సంఘం రాసిపెడుతుంది. ‘ఫోన్ మార్చుకో’ అన్న అధికారిని ఆ మాటే కాగితం మీద రాసి సంతకం చేయమనండి. ఫిర్యాదు నంబరు, తేదీ, ఊరి పేరు, స్లాట్ దొరక్క బయట ఏ రేటుకు అమ్ముకున్నారో రాసి మండల కమిటీ కార్యదర్శికి ఇవ్వండి. కలెక్టరేట్‌కు వెళ్లేటప్పుడు ఆ కట్ట మన చేతిలో ఉండాలి.