ఒక హారం కోసం ఆగిన బిడారు

 

మా మద్రసాలో హిఫ్జ్ పూర్తిచేసి, ఆపై ఇంజనీరింగు చదివి, నేడు అమెరికాలోని సియాటిల్ నగర పరిసరాలలో ఉద్యోగం చేస్తున్న శిష్యుడొకడు గత సంవత్సరం నాకు ఫోను చేశాడు. "ఉస్తాద్! ఏళ్ళ తరబడి పనిచేసినవారికి మా కంపెనీ మూడు నెలల సెలవు ఇస్తుంది. సబ్బాటికల్ అంటారు. ఆ సెలవులో మా ఆవిడతో కలిసి పసిఫిక్ సముద్రతీరం వెంట కారులో ప్రయాణం చేయాలనుకుంటున్నాను. ఇది జాయిజేనా?" అని అడిగాడు.

ఏడవ యేట భూమిని దున్నక విడిచిపెట్టమని యూదుల ధర్మశాస్త్రంలో ఒక ఆజ్ఞ ఉన్నది. సబ్బాటికల్ అన్న మాట పుట్టుక అక్కడిది. దివ్యఖుర్ఆన్‌లో శనివారానికి వాడిన 'సబ్త్' అన్న పదం కూడా ఆ కుదురులోనిదే. నేను ఈ సంగతులన్నీ అతనికి వివరించి, చివరకు ఇలా అన్నాను: "జాయిజే బేటా. అయితే విహారానికి అంత సొమ్మెందుకు? అది ఇస్రాఫ్ కాదా? ఆ డబ్బుతో అమ్మానాన్నలను ఉమ్రాకు పంపరాదా?"

"వారిని నిరుడే పంపాను ఉస్తాద్" అన్నాడు. కొంతసేపు మౌనంగా ఉండి, "ఆమె నాతో మాట్లాడటం మానేసింది. అన్నం వడ్డిస్తుంది, అడిగినదానికి బదులిస్తుంది. అంతే" అన్నాడు.

కారణం అతనికి తెలుసు. 2020లో కరోనా వ్యాపించి విమానాలు నిలిచిపోయిన రోజుల్లో గుంటూరు జిల్లాలో ఆ అమ్మాయి తండ్రి మరణించారు. జనాజాను ఆమె ఫోను తెరపై చూసింది. ఇతడు పక్కన నిలబడి ఇన్నాలిల్లాహి చదివి, పక్కగదిలోకి వెళ్ళి ఆఫీసు మీటింగుకు కూర్చున్నాడు. ఆ రోజు మొదలైన మౌనం అది.

ఆ రాత్రి ఈ సంగతి మా ఇంట్లో చెప్పాను. మా ఇల్లాలు అంతా విని, "ఆ అబ్బాయి మిమ్మల్ని అడిగింది డబ్బు గురించి కాదు కదా!" అన్నది. ముప్ఫై ఏళ్ళుగా ఫిఖహ్ బోధిస్తున్న నాకు ఆ మాటకు జవాబు తోచలేదు. మర్నాడు ఫజర్ కాగానే అతనికి ఫోను చేసి, "వెళ్ళండి. నా నిన్నటి మాట తొందరపాటు" అన్నాను. వారి అనుమతితో, పేర్లు చెప్పకుండా, ఆ ప్రయాణ విశేషాలను ఇక్కడ రాస్తున్నాను.

మే నెలలో వారు బయలుదేరారు. అమెరికా పడమటి తీరం వెంట 101వ నంబరు రహదారి వాషింగ్టన్ రాష్ట్రంలో మొదలై, ఒరెగాన్ మీదుగా, కాలిఫోర్నియాలోని లాస్ ఏంజిలిస్ వరకు సాగుతుంది. పొడవు సుమారు 1,500 మైళ్ళు. మొదటి మజిలీ ఒలింపిక్ ద్వీపకల్పం. అక్కడి హో అడవిలో ఏటా పన్నెండడుగుల వాన కురుస్తుందట. చెట్ల కొమ్మలనుంచి నాచు తెరలు తెరలుగా వేలాడుతుంది. ఆ అడవి దాటితే రూబీ బీచ్. నదులు కొట్టుకొచ్చిన మహావృక్షాల మొద్దులు ఆ ఒడ్డునిండా పడి ఉంటాయి.

మగ్రిబ్ వేళ ఆ ఒడ్డున ఒక చిన్న సంఘటన జరిగింది. ఇతడు ఇసుకపై జానమాజు పరిచి, సూర్యుడు మునుగుతున్న వైపు తిరిగి నిలబడ్డాడు. గుంటూరులో పుట్టినవానికి పడమరే ఖిబ్లా. సియాటిల్ ఇంట్లో జానమాజు ఎప్పుడూ ఒకేచోట పరచి ఉంటుంది కనుక దిక్కు గురించి ఆలోచించవలసిన అవసరం అతనికి రాలేదు. భూమి గుండ్రంగా ఉండటం వల్ల ఆ తీరం నుంచి మక్కాకు దగ్గరి దారి ఉత్తరం నుంచి కాస్త తూర్పుకు వాలుతుంది. వెనుకనుంచి ఆమె, "అటు కాదు. ఖిబ్లా అడవి వైపు" అన్నది. ఆ రోజంతటిలో అడగకుండా ఆమె పలికిన మొదటి మాట అదేనని అతడు నాతో చెప్పాడు. అతడు సముద్రానికి వీపు తిప్పి ఇమామయ్యాడు. ఆమె వెనుక నిలబడింది. ఒకే ఇంట్లో ఎవరి నమాజు వారు చేసుకుంటూ గడిపిన ఏళ్ళ తరువాత వారిద్దరూ జమాఅత్ కట్టారు.

ప్రయాణానికి సిద్ధపడే పాఠకుల కోసం కొన్ని మస్అలాలు ఇక్కడే చెబుతాను. హనఫీ మస్లక్ ప్రకారం సుమారు 48 మైళ్ళు, అంటే దాదాపు 78 కిలోమీటర్లు, ప్రయాణించే సంకల్పంతో ఊరి పొలిమేర దాటినవారు ముసాఫిర్లు. ఒకేచోట పదిహేను రోజులు ఉండాలన్న నియ్యత్ లేనంత వరకు వారు జుహర్, అసర్, ఇషాలలో నాలుగు ఫర్జ్ రకాతులకు బదులు రెండే చేయాలి. ఫజర్, మగ్రిబ్‌లలో తగ్గింపు లేదు. స్థానిక ఇమాము వెనుక నిలబడితే పూర్తిగా చేయాలి. వుజూతో తోలు మేజోళ్ళు ధరించిన ముసాఫిరుకు మూడు పగళ్ళు, మూడు రాత్రులు మసహ్ సౌకర్యం ఉన్నది. ఇక ఆహారం. ఆ తీరంలో పీతల వంటకాలకు, గవ్వపురుగుల చారుకు మంచి పేరు. మన మస్లక్‌లో సముద్రజీవులలో చేప మాత్రమే హలాల్. ఆ చారులో పంది మాంసం కలపటం కూడా మామూలే. చేపల వేపుడు పిండిలో బీరు కలిపే వంటశాలలు ఉన్నాయి. అడిగి తెలుసుకోవటానికి మొహమాటపడకూడదు.

వాషింగ్టన్, ఒరెగాన్ రాష్ట్రాల సరిహద్దున కొలంబియా నది సముద్రంలో కలుస్తుంది. 1966లో ప్రారంభమైన నాలుగు మైళ్ళ వంతెన మీదుగా దానిని దాటి వారు ఒరెగాన్ చేరారు. అక్కడ ఒక మంచి చట్టం ఉన్నది. సముద్రపు ఒడ్డు ప్రజలందరిదీ అని 1967లో శాసనం చేశారు. ఎంతటి ధనవంతుడైనా తన భవనం ముందరి ఇసుకకు కంచె వేసుకోలేడు.

ఆ తీరాన ఒక సాయంత్రం ఇద్దరూ కూర్చుని ఉన్నారు. ఆర్కిటిక్ నుంచి మెక్సికో దాకా వెళ్ళి తిరిగివచ్చే బూడిదరంగు తిమింగలాలు ఆ నెలలో పిల్లలను వెంటబెట్టుకొని ఒడ్డుకు దగ్గరగా ఉత్తరానికి పోతుంటాయి. వాటికోసం చూస్తూ ఆమె, "ఈ నీళ్ళకు అవతల ఏముంది?" అని అడిగింది. "జపాను" అన్నాడు. "ఆ తరువాత?" "చైనా." "ఆ తరువాత?" అతడు జవాబు చెప్పలేదు. ఆమె, "చిన్నప్పుడు అబ్బాజాన్ నన్ను సూర్యలంక తీసుకువెళ్ళేవారు. అక్కడ సూర్యుడు నీళ్ళలోనుంచి లేచేవాడు. ఇక్కడ మునుగుతున్నాడు" అన్నది. అని, ఐదేళ్ళ దుఃఖమంతా ఏడ్చింది.

ఆ రాత్రికి వంద మైళ్ళ అవతలి ఊళ్ళో హోటలు గది తీసుకొని, డబ్బు ముందే చెల్లించి ఉన్నారు. అదివరకటి మనిషి అయితే గడియారం చూసేవాడు. ఆ సాయంత్రం అతడు లేవలేదు. గది డబ్బు పోయింది. చీకటిపడే వేళ అక్కడినుంచే నాకు ఫోను చేశాడు. ఇక్కడ ఉదయం తొమ్మిది దాటింది. "అబ్బాజాన్ జనాజా నమాజు మేము ఇప్పుడు చేయవచ్చునా అని మా ఆవిడ అడుగుతున్నది" అన్నాడు. దేహం ఎదుట లేకుండా జనాజా నమాజు మన మస్లక్‌లో లేదనీ, అయితే మగ్‌ఫిరత్ దుఆకు, సదఖాకు దూరం, కాలం అడ్డురావనీ చెప్పాను. ఫోనులోనే నేను దుఆ చేశాను. అటునుంచి రెండు గొంతులు ఆమీన్ అన్నాయి.

పాఠకులారా! ఆ రోజు నాకు బుఖారీ షరీఫ్‌లోని తయమ్ముమ్ అధ్యాయం గుర్తుకు వచ్చింది. ఏటేటా పిల్లలకు చెప్పే పాఠమే. ఒక ప్రయాణంలో హజ్రత్ ఆయిషా (రజి) హారం తెగి ఎక్కడో పడిపోయింది. దైవప్రవక్త (స) దానికోసం ఆగారు. ఆయనతోపాటు బిడారు యావత్తూ ఆగింది. అక్కడ నీళ్ళు లేవు, జనం వద్దా లేవు. హజ్రత్ అబూబక్ర్ (రజి) వచ్చి కుమార్తెను మందలించారు. దైవప్రవక్త (స) మాత్రం ఆమె తొడపై తల ఉంచి నిద్రిస్తున్నారు. తెల్లవారేసరికి అల్లాహ్ తయమ్ముమ్ ఆయతును అవతరింపజేశాడు. తరువాత ఒంటెను లేపితే, హారం దాని కిందనే దొరికింది. ఇన్నేళ్ళూ నేను ఈ హదీసునుంచి మట్టి, చేతులు, ముఖం మస్అలాలను మాత్రమే బోధించాను. ఒక భార్య పోగొట్టుకున్న వస్తువు కోసం దైవప్రవక్త (స) అంతటి బిడారును నిలిపివేశారన్న సంగతిపై ఒక్కనాడూ ఆగలేదు. ఆ ఆగటంలోనుంచే కదా ఉమ్మత్ అంతటికీ తయమ్ముమ్ సౌలభ్యం లభించింది!

మరో ప్రయాణంలో అనుచరులను ముందుకు సాగమని చెప్పి, ఆయన హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగు పందెం వేశారు. ఇంకొకసారి స్త్రీలు ఎక్కిన ఒంటెలను వేగంగా తోలుతున్న అంజషాతో, గాజు పాత్రలను తీసుకుపోతున్నట్లు మెల్లగా నడపమన్నారు.

దక్షిణాన కాలిఫోర్నియాలో రెడ్‌వుడ్ వనాలు వచ్చాయి. కొన్ని చెట్ల ఎత్తు మూడు వందల అడుగులకు పైమాట. కొన్నింటి వయస్సు రెండు వేల ఏళ్ళు. ఇంత ఎత్తు మాను వేళ్ళు భూమిలోకి దిగేది సాధారణంగా పది పన్నెండు అడుగులే. అవి పక్కలకు చాలా దూరం పాకి, ఇరుగుపొరుగు చెట్ల వేళ్ళతో పెనవేసుకుంటాయి. గాలివానలో నిలబెట్టేది ఆ పెనవేతే. సూరా అర్రూమ్ 21వ ఆయతులో అల్లాహ్ దంపతుల మధ్య తాను ఉంచిన ప్రేమను, దయను తన సూచనలలో ఒకటిగా పేర్కొన్నాడు. ఆ వనంలో నిలబడి ఆ ఆయతును తిలావత్ చేశానని శిష్యుడు చెప్పాడు.

శాన్‌ఫ్రాన్సిస్కో దాటాక వారు ఒకటవ నంబరు రహదారి పట్టారు. ఒక పక్క కొండ, మరొక పక్క సముద్రం. 1932లో పూర్తయిన బిక్స్‌బీ వంతెన దాటి కొంత దూరం వెళ్ళాక, కొండచరియలు విరిగిపడి దారి మూసివేసి ఉన్నది. వెనక్కి మళ్ళి, లోపలి దారిన వెళ్ళవలసి వచ్చింది. "దారి పొడవునా ఇద్దరం మాట్లాడుకుంటూనే ఉన్నాము ఉస్తాద్. ఎప్పుడు చేరామో తెలియలేదు" అన్నాడు.

అమెరికా వెళ్ళండనీ, అప్పుచేసి విహారాలు చేయండనీ నేను చెప్పటం లేదు. అప్పు ఇస్రాఫే. నలుగురికీ చూపటానికి ఫొటోలు పంచుకునే ప్రయాణంలో రియా ఉన్నది. నేను చెప్పేది ఒక్కటే. మీ ఇంటి బిడారులో ఎవరైనా ఏదైనా పోగొట్టుకొని మౌనంగా నడుస్తూ ఉండవచ్చు. మీరు ఆగకపోతే అది దొరకదు.

ఇది రాసేముందు మా ఇల్లాలిని, "నీకెక్కడికైనా వెళ్ళాలని ఉందా?" అని అడిగాను. పెళ్ళయిన తరువాత నేను ఈ ప్రశ్న వేయటం ఇదే మొదటిసారి. ఆమె నవ్వి, "అంత దూరాలు వద్దు. అసర్ తరువాత కాలువగట్టు దాకా నాతో నడవండి చాలు" అన్నది. నడుస్తున్నాము, అల్‌హమ్‌దులిల్లాహ్.

అల్లాహ్ మన ఇళ్ళలో ప్రేమను, దయను నింపుగాక! దూరదేశాలలో ఉన్న మన బిడ్డల దుఃఖాలను తీర్చుగాక! వారు చివరిచూపు చూడలేకపోయిన పెద్దలను తన కారుణ్యంలో చేర్చుకొనుగాక! ఆమీన్.