రోగి ఏ భాషలో చెప్పుకుంటాడు?
అమీర్‌పేటలో విదేశీ ఎంబీబీఎస్ కన్సల్టెన్సీల ఫ్లెక్సీలు చూడండి: ఫీజు ఇంత, హాస్టల్లో ఆంధ్రా భోజనం, పాఠాలు ఇంగ్లీషులోనే. అక్కడి రోగులు ఏ భాషలో మాట్లాడతారన్నది నాకెక్కడా కనిపించలేదు. కాలేజీ ఎంచుకునేటప్పుడు నేనైతే మొదట అదే అడుగుతాను. జార్జియాలో పాఠం ఇంగ్లీషులో నడవొచ్చు; వార్డులో మంచం మీదున్న ముసలావిడ మాత్రం తన కడుపునొప్పిని జార్జియన్‌లోనే చెప్పుకుంటుంది. నొప్పి ఎప్పుడు మొదలైంది, తిన్నాక పెరుగుతోందా, వీపులోకి పాకుతోందా అని అడిగి రాబట్టలేని విద్యార్థికి ఇక స్కానింగ్ రిపోర్టే దిక్కు. మన విశాఖ కేజీహెచ్‌లోనో వరంగల్ ఎంజీఎంలోనో చదివేవాడికి ఆ విద్య రోజూ ఓపీలోనే అబ్బుతుంది. విదేశీ ఎంబీబీఎస్‌పై జాతీయ వైద్య కమిషన్ తెచ్చిన 2021 నిబంధనల ప్రకారం 54 నెలల చదువుతో పాటు 12 నెలల ఇంటర్న్‌షిప్పూ విదేశంలోనే చేయాలి. ఆ ఏడాదంతా రోగి మాట అర్థంకాకుండానే గడిచిపోతే? తిరిగొచ్చాక ఇక్కడ ప్రాక్టీసు కోసం పాసవ్వాల్సిన ఎఫ్‌ఎంజీఈ పరీక్షలో 300కి 150 మార్కులు పుస్తకాలు బట్టీపట్టి తెచ్చుకోవచ్చేమో గానీ, ఈ లోటు అలా తీరదు. ఇక్కడ సీటు రాని పిల్లల్ని వెళ్లొద్దనను, వాళ్ల కోరిక న్యాయమైనది. కానీ అనాటమీతో సమానంగా స్థానిక భాష నేర్పని కాలేజీ ఎంత చవకైనా వద్దంటాను. డబ్బు కట్టేముందు అక్కడ ఐదో ఏడాది చదువుతున్న మన పిల్లలకు ఫోన్ చేసి, ఈ వారం ఎంతమంది రోగులతో నేరుగా మాట్లాడారో అడగండి.