అయస్కాంత వలయంలో ప్రవహించేదేమిటి?

అయస్కాంత వలయాన్ని విద్యుద్వలయంతో పోల్చి బోధించడం మనకు ఆచారమైనది. అయస్కాంత చాలక బలాన్ని రిలక్టెన్సుతో భాగిస్తే అభివాహం వస్తుంది. లెక్క తేలుతుంది, మార్కులూ వస్తాయి. కాని ఈ పోలికకు గల హద్దులను చెప్పకపోవడం విద్యార్థికి అన్యాయమని మా అభిప్రాయం. 'అభివాహం' అనే మాటలోనే ప్రవాహార్థమున్నది. లాటిను నుంచి వచ్చిన 'ఫ్లక్సు'దీ అదే దోషం. నిజానికి ఇనుములో ఏదీ ప్రవహించదు. తీగలో విద్యుత్తు పారినంతసేపూ ఉష్ణం పుడుతుంది. స్థిరమైన అభివాహం ఇనుమును వేడిచేయదు. తీగ తెగితే విద్యుత్తు ఆగుతుంది. ఇనుమును కోసినా ఆ సందులోని గాలిలో అభివాహం ఉంటూనే ఉంటుంది, అయితే ఎంతో తగ్గి. ఇనుము ప్రవేశ్యశీలత గాలికి 2000 రెట్లనుకుంటే, 1 మిల్లీమీటరు గాలిసందు అంతే మందంగల 2 మీటర్ల ఇనుముకు సమానమైన రిలక్టెన్సు చూపుతుంది! మోటారులో తిరిగే భాగానికీ నిలిచిన భాగానికీ నడుమ సందును అంత సన్నగా ఉంచేది ఇందుకే. ప్రయోగశాలలో ఒక పాత మోటారును విప్పి ఆ సందును విద్యార్థులకు చూపించే ఏర్పాటు చేయవలసిందని కళాశాల కమిటీ వారికి మా మనవి.