ఉదయం పదింటికి టికెట్లు.. ఆ ‘పది’ ఎవరి గడియారంలో? సొంత టైం కోసం శ్రీహరికోట వైపు చూపు

తిరుపతి: రూ.300 దర్శనం టికెట్ల కోటాను టీటీడీ ఆన్‌లైన్‌లో విడుదల చేసే రోజు, పది కొట్టేలోపే భక్తులు ఫోన్లు పట్టుకుని కూర్చుంటారు. నాలుగు సెకన్లు లేటైతే అంతే సంగతులు. మన ఫోన్‌లో పది అయితే చాలదు, సర్వర్‌లో పది అవ్వాలి. మరి ఫోన్‌కైనా, సర్వర్‌కైనా పది అయిందని చెప్పేదెవరు?

మన టెలికం, ఇంటర్నెట్ సంస్థల్లో చాలావరకు అమెరికా జీపీఎస్ లాంటి విదేశీ సోర్సుల నుంచే టైం తీసుకుంటున్నాయని చెబుతున్నది స్వయంగా కేంద్ర ప్రభుత్వమే. అసలు సమస్య ఇక్కడే ఉంది.

నిజానికి ప్రపంచానికంతా టైం చెప్పే గడియారం ఒకటంటూ లేదు. 80కి పైగా ల్యాబుల్లోని సుమారు 450 అటామిక్ గడియారాల లెక్కలు పారిస్ దగ్గరున్న అంతర్జాతీయ తూనికలు కొలతల బ్యూరోకు చేరతాయి. వాటి సగటు నుంచి వచ్చేదే యూటీసీ. తమాషా ఏంటంటే, ఈ నెల టైం కచ్చితంగా ఎంతో తేలేది వచ్చే నెలలోనే! అప్పటిదాకా ప్రతి దేశం తన గడియారాలతో నెట్టుకురావాల్సిందే. మన దేశంలో ఆ పని ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలది. యూటీసీకి ఐదున్నర గంటలు కలిపితే మన టైం.

ఆ ఐదున్నర గంటలు కాకినాడ దగ్గరగా వెళ్లే 82.5 డిగ్రీల రేఖాంశం లెక్క. సూర్యుడి ప్రకారం చూస్తే తిరుపతి దానికి 12 నిమిషాలు, చిత్తూరు 13 నిమిషాలకు పైగా వెనక ఉంటాయి. రాహుకాలాన్ని క్యాలెండర్‌లో చూసే ఇంటికీ, స్థానిక సూర్యోదయంతో లెక్కగట్టే పంతులుగారికీ తేడా వచ్చేది అందుకే.

ఇక జీపీఎస్ మీద ఆధారపడకుండా ఉండేందుకు ఇస్రో తెచ్చిందే నావిక్. ఈ ఉపగ్రహాలన్నీ ఎగిరింది శ్రీహరికోట నుంచే. 2022లో జిల్లాల విభజన తర్వాత అది తిరుపతి జిల్లాలోకి వచ్చింది. ఉపగ్రహంలో అటామిక్ గడియారమే ప్రాణం. సెకనులో పది లక్షల వంతు తప్పినా దూరం లెక్క 300 మీటర్లు తప్పుతుంది. తొలి ఉపగ్రహం ఐఆర్‌ఎన్‌ఎస్‌ఎస్-1ఏలో విదేశం నుంచి తెచ్చిన మూడు గడియారాలూ పాడయ్యాయి. దాని బదులు 2017 ఆగస్టులో పంపిన ఉపగ్రహం, హీట్ షీల్డ్ విడిపోక లోపలే చిక్కుకుపోయింది. 2023 మే 29న వెళ్లిన ఎన్‌వీఎస్-01లో తొలిసారి మన దేశంలో తయారైన రుబీడియం గడియారం పెట్టారు. హమ్మయ్య అనుకునేలోపే మరో దెబ్బ. 2025 జనవరి 29న ఎన్‌వీఎస్-02ను రాకెట్ బాగానే వదిలింది. శ్రీహరికోటకు అది వందో ప్రయోగం కూడా. కానీ ఉపగ్రహంలో ఆక్సిడైజర్ వాల్వు తెరుచుకోలేదు, చేరాల్సిన కక్ష్యకు అది చేరలేదు. అప్పటిదాకా ప్రయోగించిన 11 ఉపగ్రహాల్లో పొజిషన్, టైం సేవలు అందిస్తున్నవి నాలుగేనని 2025 జులైలో కేంద్రం పార్లమెంటుకు చెప్పింది. పొజిషన్ తేల్చడానికి కనీసం కావాల్సిందే నాలుగు. ఒక్కటి ఆగినా కష్టమే.

ఈలోగా ఎన్‌వీఎస్-02 వెళ్లిన జనవరిలోనే కేంద్రం ముసాయిదా నిబంధనలు తెచ్చింది. ప్రభుత్వ, వాణిజ్య, న్యాయ వ్యవహారాలన్నింటికీ భారత ప్రామాణిక సమయమే తప్పనిసరి అన్నది దాని సారాంశం. అహ్మదాబాద్, బెంగళూరు, భువనేశ్వర్, ఫరీదాబాద్, గువాహటి ల్యాబుల ద్వారా ఆ టైంను పంచాలన్నది ప్లాన్. ఇది మంచిదే. యూపీఐ చెల్లింపు ముందా, ఖాతా ఖాళీ అయింది ముందా అన్న తగాదా వచ్చినా, కరెంటు గ్రిడ్‌లో లోపం మొదట ఎక్కడ మొదలైందో తేల్చాలన్నా అందరి గడియారాలూ ఒకటే చెప్పాలి.

అయితే నేల మీద ఉన్న ఆఫీసులకు కేబుల్ ద్వారా టైం ఇవ్వొచ్చు. సముద్రంలో బోటుకు, కొండ మీది టవర్‌కు, కదిలే రైలుకు ఉపగ్రహం నుంచి రావాల్సిందే. నిబంధన కాగితం మీద సిద్ధమైనంత తేలిగ్గా ఉపగ్రహాలు సిద్ధం కావడం లేదు. ఎన్‌వీఎస్ వరుసలో 03, 04, 05 పైకి వెళ్లి పని చేస్తేనే ఆ లోటు తీరేది.