కమిషన్ రాని కాలేజీ పేరు మనకెవరు చెబుతారు?

బందరు, గుడివాడ, దివిసీమ తల్లిదండ్రులకు, డిగ్రీ, బీటెక్ చదువుతున్న పిల్లలకు విన్నపం



పిల్లల పైచదువు కోసం పొలం అమ్మడానికైనా, రొయ్యల చెరువు తనఖా పెట్టడానికైనా వెనకాడని తల్లిదండ్రులు నాగాయలంక నుంచి నందివాడ దాకా ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. పిల్లలు విదేశాలకు వెళ్లడం తప్పని మేం అనం. వెళ్లాలి, చదవాలి. కానీ ఇంత డబ్బు పోసే ముందు ఏ దేశం, ఏ కాలేజీ అన్నది మనకు చెబుతున్నది ఎవరు?

బెజవాడ బస్సెక్కి బెంజి సర్కిల్ దగ్గర దిగితే కన్సల్టెన్సీలు కనిపిస్తాయి. "మీ దగ్గర ఒక్క రూపాయి కూడా తీసుకోం" అంటారు. చాలాచోట్ల అది నిజమే. వాళ్లకు డబ్బు కాలేజీ ఇస్తుంది. మన పిల్లవాడు కట్టిన ఫీజులోంచి కొంత శాతం కమిషన్‌గా వాళ్లకు చేరుతుంది. ఫీజు ఎక్కువైతే కమిషనూ ఎక్కువే. ఫీజు లేని కాలేజీ నుంచి వాళ్లకు వచ్చేదేమీ ఉండదు. అందుకే ఆ కాలేజీ పేరు వాళ్ల ఆఫీసుల్లో సాధారణంగా వినపడదు. అక్కడ పనిచేసేవాళ్లంతా చెడ్డవాళ్లని కాదు, ఆ వ్యాపారం నడిచే తీరే అది.

జర్మనీ సంగతే చూడండి. అక్కడి ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలావాటిలో విదేశీ విద్యార్థులకు కూడా ట్యూషన్ ఫీజు లేదు. సెమిస్టరుకు నూరు నుంచి నాలుగు వందల యూరోల లోపు కడితే చాలు. చాలాచోట్ల బస్సు, రైలు పాసు కూడా అందులోనే వస్తుంది. ఇంగ్లిషులో బోధించే మాస్టర్స్ కోర్సులున్నాయి. చదువుకుంటూ ఏడాదికి 140 పూర్తి రోజులు పని చేసుకోవచ్చు.

ఫీజు లేదంటే ఖర్చు లేదని కాదు. ఏడాది ఖర్చుల కోసం 11,904 యూరోలు ముందే బ్లాక్డ్ అకౌంటులో వేసి చూపించాలి. యూరో వంద రూపాయలనుకుంటే సుమారు 12 లక్షలు. ఆ డబ్బు కాలేజీకి పోదు. నెలకు 992 యూరోల చొప్పున పిల్లవాడి తిండికి, అద్దెకు వాడి చేతికే వస్తుంది. 2022 నవంబరు నుంచి మన దేశపు విద్యార్థులకు, చదువు పత్రాలు పరిశీలించి ఇచ్చే ఏపీఎస్ సర్టిఫికెట్ తప్పనిసరి, దానికి 18,000 రూపాయలు. బాడెన్ వుర్టెంబెర్గ్ రాష్ట్రంలో 2017 నుంచి సెమిస్టరుకు 1,500 యూరోలు తీసుకుంటున్నారు. మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయం కూడా 2024లో మనలాంటివాళ్లకు ఫీజు పెట్టింది. ఇంటర్ మార్కులు ఒక్కటే చూపించి అక్కడ నేరుగా డిగ్రీలో చేరడం సాధారణంగా కుదరదు. అక్కడ చాలా ఉద్యోగాలకు జర్మన్ భాష రావాల్సిందే. ఇవన్నీ ముందే చెప్పేవాళ్లు మనకు కావాలి. "జర్మనీలో చదువు ఉచితం" అన్న మాట పట్టుకుని కన్సల్టెన్సీకి వెళ్లినవారిని, లక్షల ఫీజుండే అక్కడి ప్రైవేటు కాలేజీల్లోకి పంపడమూ జరుగుతోంది.

వాట్సాప్‌లో తిరిగే పాత జాబితాలనూ నమ్మకండి. నార్వే పేరు ఇంకా ఉచితం కింద కనిపిస్తుంటుంది, కానీ 2023 నుంచి అక్కడ మన పిల్లలకు ఫీజు ఉంది. ఇటలీ ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు కుటుంబ ఆదాయాన్ని బట్టి ఫీజు తగ్గిస్తాయి. పేద కుటుంబాల పిల్లలకు ప్రాంతీయ స్కాలర్‌షిప్పులూ ఉన్నాయి. అయితే తహసీల్దారు ఇచ్చే ఆదాయ పత్రాన్ని వాళ్లు అడిగిన పద్ధతిలో అనువాదం చేయించి, ధ్రువీకరించి, గడువులోగా పంపాలి. మోపిదేవిలోనో పామర్రులోనో ఉండే కౌలురైతు కుటుంబానికి ఈ దారి చూపించే మనిషి ఎవరున్నారు?

కేంద్ర ప్రభుత్వపు జాతీయ విదేశీ ఉపకార వేతనాల్లో ఏటా 125 సీట్లున్నాయి. ఎక్కువ భాగం ఎస్సీ విద్యార్థులకు. భూమిలేని వ్యవసాయ కూలీల పిల్లలు, సంప్రదాయ చేతివృత్తులవారి పిల్లలు కూడా దరఖాస్తు చేసుకోవచ్చు. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షలు దాటకూడదు. ఎంపికైతే ఫీజు, బతుకు ఖర్చు, విమానం టిక్కెట్టు ప్రభుత్వమే ఇస్తుంది. పెడన కలంకారీ కార్మికుల ఇళ్లలో ఈ మాట ఎవరైనా చెప్పారా?

చెప్పకపోతే ఏమవుతుందో లెక్క చూడండి. ముప్పై లక్షల అప్పుకు బ్యాంకు వడ్డీ నూటికి 11 అయితే నెలకు 27,500 రూపాయలు. బయట రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 60,000. ఉద్యోగం వచ్చినా రాకపోయినా కట్టాల్సిందే.

డబ్బు పోవడమే కాదు, అరెస్టు దాకా కూడా పోవచ్చు. 2019 జనవరిలో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో యూనివర్సిటీ ఆఫ్ ఫార్మింగ్‌టన్ బండారం బయటపడింది. వీసా మోసాలు పట్టుకోవడానికి అమెరికా అధికారులే నడిపిన ఉత్తుత్తి విశ్వవిద్యాలయం అది. పాఠాల్లేవు, పంతుళ్లు లేరు. మొదట పట్టుబడిన 130 మంది విద్యార్థుల్లో 129 మంది భారతీయులు, వాళ్లలో ఎక్కువమంది తెలుగువాళ్లు. పిల్లల్ని చేర్పించి డబ్బు తీసుకున్నారని కేసు పడ్డ ఎనిమిది మందీ తెలుగువాళ్లే. సంగతి తెలిసే చేరినవాళ్లు కొందరు ఉండవచ్చు, కానీ అందరికీ తెలుసని చెప్పలేం. ఆ కాలేజీ పేరు అమెరికా ప్రభుత్వ గుర్తింపు జాబితాలో కూడా ఉండేది మరి! కంప్యూటర్లో పేరు వెతికి చూసుకుంటే సరిపోదని దీన్నిబట్టే తెలుస్తోంది. అక్కడ చదివిన మనిషితో మాట్లాడాలి.

వైద్య విద్యకు వెళ్లేవారికి ఒక్క మాట. మన దేశపు 2021 నిబంధనల ప్రకారం విదేశీ కోర్సు కనీసం 54 నెలలు ఉండాలి, ఇంగ్లిషులో చెప్పాలి, అక్కడే ఏడాది ఇంటర్న్‌షిప్ చేయాలి, ఆ దేశంలో వైద్యం చేసే అర్హత కూడా రావాలి. ఇందులో ఏది తక్కువైనా ఆ పట్టా ఇక్కడ పనికిరాదు.

అందుకని మేం అడుగుతున్నది ఇది. 2008లో ఏర్పడిన కృష్ణా విశ్వవిద్యాలయం బందరులోనే ఉంది. అందులో ఎవరి కమిషనూ తీసుకోని ఉచిత విదేశీ విద్యా సలహా కేంద్రం పెట్టాలి. ఒక గది, ఇద్దరు ఉద్యోగులు, ఇంటర్నెట్ ఉంటే మొదలుపెట్టవచ్చు. వాళ్లు గుడివాడలో ఒక రోజు, అవనిగడ్డలో ఒక రోజు కూర్చోవాలి. విదేశాల్లో ఉన్న మన కాలేజీల పూర్వ విద్యార్థుల పేర్లు, వాళ్ల సమ్మతితో, అక్కడ ఉండాలి. ఏ విశ్వవిద్యాలయం గురించి అడిగినా, అక్కడ చదివిన ఒకరితో ఫోన్లో మాట్లాడించాలి. సాయంత్రాలు జర్మన్ భాష తరగతులు నడపాలి. ఇక కన్సల్టెన్సీలు ఏ కాలేజీ నుంచి ఎంత కమిషన్ తీసుకుంటున్నాయో విద్యార్థికి కాగితం మీద రాసివ్వాలని ప్రభుత్వం నిబంధన పెట్టాలి. మాకు అన్నిటికన్నా ముఖ్యమైనది ఈ నిబంధనే.

ఇలాంటి కేంద్రం పెట్టడం మన ప్రాంతానికి మించిన పనేమీ కాదు. బందరు నోబుల్ కాలేజీ 1843లో చిన్న బడిగా మొదలైంది. 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య గార్లు బందరులో జాతీయ కళాశాల నిలబెట్టారు. గుడివాడ కాలేజీకి అక్కినేని నాగేశ్వరరావు గారు విరాళమిచ్చారు, ఇవాళ అది ఆయన పేరుతోనే నడుస్తోంది. అమెరికాలో, జర్మనీలో స్థిరపడిన మన పిల్లల్ని ఈ కేంద్రానికి డబ్బు అడగనక్కర్లేదు. నెలకు ఒక గంట ఫోన్లో మాట్లాడితే చాలు.

ప్రతి సోమవారం బందరు కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక జరుగుతుంది. అక్కడ అర్జీ ఇద్దాం. విశ్వవిద్యాలయం ఉపకులపతికి, మన ఎమ్మెల్యేలకు దాని నకళ్లు పంపుదాం. అర్జీ ఈ కాగితం వెనకవైపు అచ్చువేశాం. పిల్లలున్న ప్రతి ఇంటినుంచీ ఒకరు పేరు, ఊరు రాసి సంతకం పెట్టి, ఈ కరపత్రం మీకిచ్చినవారి చేతికే తిరిగి ఇవ్వండి.

ఇట్లు
బందరు, గుడివాడ, దివిసీమ కాలేజీల పాత విద్యార్థులు కొందరు