భూసారపరీక్ష: కర్బనపు లెక్క

భూసారపరీక్షా పత్రములో సేంద్రియ కర్బనము గతసారికంటె తగ్గినదని చూచి, పశువుల యెరువువలన ఫలము లేదని కొందరు దానిని అమ్మివేయుచున్నారు. ఈ తొందరపాటు తగదని మా యభిప్రాయము.

ఆ యంకె యే పద్ధతిని వచ్చినదో ముందు విచారింపవలెను. 1934లో వాక్లీ, బ్లాక్ అనువారు ప్రకటించిన పద్ధతియందు మట్టిని పొటాసియము డైక్రోమేటుతోను గాఢ గంధకికామ్లముతోను కలుపుదురు. దీనిలో కర్బనమంతయు లెక్కకు రాదు; సుమారు నూటికి 77 పాళ్లే వచ్చునని యెంచి, ఫలితమును 1.3 చేత హెచ్చింతురు. మట్టిని కొలిమిలో కాల్చి, వెలువడు బొగ్గుపులుసు వాయువును కొలుచు పద్ధతి వేరొకటి కలదు. అది కర్బనమంతటిని చూపును. గాని సున్నపురాళ్లు గల నల్లరేగడిలో, ముందుగా ఆమ్లముతో సున్నమును తొలగింపకున్నచో, దానియందలి కర్బనమును గూడ చేర్చి చూపును. కావున నిరుడు ఒక పద్ధతి, ఈ యేడు మరొకటి యైనచో ఆ రెండంకెలను పోల్చుట వ్యర్థము.

మట్టి తీయుటయందును శ్రద్ధ వలయును. పెంటకుప్పల యొద్దను, గట్ల ప్రక్కను తీయరాదు. ఏటేట ఒకే ఋతువున, ఒకే లోతున, పొలములో పలుచోట్ల తీసి కలుపవలెను.

పత్రముపై పద్ధతి పేరు వ్రాయుడని పరీక్షశాలలను మన సంఘము పక్షమున కోరుదము. కర్బనము ఒక్క పంటకాలములో పెరుగునది కాదు; ఎరువు వేయుట మానకుడు.